తెల్ల చోడి (రాగి) వేస్తే దిగుబడి, గింజ బలం తగ్గుతాయా?

మెట్టసాగు (గజపతినగరం) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది విజయనగరం జిల్లాలో గజపతినగరం దగ్గర పల్లె. మాకున్నది ఎర్ర గరప నేల, పూర్తిగా వర్షాధారం. ఏటా వానాకాలంలో ఆకుమడి పోసి, నారు అందగానే చోడి ఊడుస్తాం. ఇన్నాళ్లూ మేము వేసినవన్నీ ఎర్ర గింజ రకాలే. ఇప్పుడు పిండి మిల్లు నడిపే ఒకాయన తెల్ల గింజ చోడి పండిస్తే ధర కొంత పెంచి తీసుకుంటానని, పిల్లల ఆహారానికీ బిస్కెట్లకూ తెల్లటి పిండికి గిరాకీ ఉందని చెబుతున్నారు. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన హిమ అనే రకం తెల్ల గింజదని విన్నాను.

మా ఇంట్లో దీనిపై అందరిదీ ఒకే మాట కాదు. తెల్ల చోడికి బలం తక్కువని, దాని అంబలి ఎంత తాగినా ఒంటికి పట్టదని మా అత్తగారి నమ్మకం. తెల్ల రకానికి తెగుళ్లు ఎక్కువ, దిగుబడి తక్కువ అని ఊళ్లో కొందరు రైతులు అంటున్నారు. ఎవరి మాట వినాలో తేల్చుకునే ముందు అసలు కారణం తెలుసుకోవాలనుకుంటున్నాను. గింజ రంగుకూ దిగుబడికీ మొక్క లోపల నిజంగా ఏదైనా సంబంధం ఉందా? రంగు లేకపోతే కాల్షియం కూడా తగ్గుతుందా? నేలకు సున్నం గానీ జిప్సం గానీ వేస్తే గింజలో కాల్షియం పెరుగుతుందా? చదువుకున్నవారు, పండించినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

చంపావతి తీరం సమాధానం:

నమస్కారమండీ. నేను వ్యవసాయ శాస్త్రం చదివి, చిరుధాన్యాల మీదే పనిచేస్తున్నాను. మీరు అడిగిన వాటిలో నిజానికి మూడు వేర్వేరు విషయాలు ఉన్నాయి. ఊళ్లో వాటిని ఒక్కటిగా కలిపి మాట్లాడటం వల్లనే ఈ గందరగోళం వస్తోందని నా అభిప్రాయం.

ముందు దిగుబడి సంగతి. చోడి దిగుబడి చదరపు మీటరుకు ఎన్ని పిలకలు వెన్ను వేశాయి, ఒక్కో వెన్నుకు చేతి వేళ్లలా చీలిన ఎన్ని వేళ్లు, వేలికి ఎన్ని గింజలు, గింజ బరువు ఎంత అనే వాటి మీద ఆధారపడుతుంది. ఆ గింజ నిండటానికి కావలసిన పిండిపదార్థం ఆకు నుంచి రావాలి. చోడి కూడా జొన్న, మొక్కజొన్నల్లాగే సి4 తరహా మొక్క. బొగ్గుపులుసు వాయువును ముందుగా ఒక ఆమ్లంగా పట్టి, ఆకు ఈనెల చుట్టూ ఉండే కణాల్లోకి చేరవేసి, అక్కడ చక్కెరగా మారుస్తుంది. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు, నీరు తక్కువైనప్పుడు వరి కంటే చోడి తట్టుకుని నిలబడటానికి ఇది ఒక ముఖ్య కారణం. ఈ ప్రక్రియ జరిగేది ఆకులో. గింజ రంగు ఉండేది విత్తనాన్ని కప్పిన పొరలో. ఆ పొర గింజ బరువులో 13 నుంచి 15 శాతం మాత్రమే. దానిలో రంగునిచ్చే ఫినాల్ పదార్థాలను తయారు చేయడానికి మొక్క కొంత కార్బన్ ఖర్చు పెట్టే మాట నిజమే గానీ, ఎకరా దిగుబడిని పైకో కిందికో తిప్పేంత ఖర్చు కాదది. ఒక తెల్ల రకం ఒక ఎర్ర రకం కంటే తక్కువ పండితే, దానికి కారణం పిలకల సంఖ్య, పంట కాలం, తెగులును తట్టుకునే గుణం వంటి ఇతర లక్షణాల్లో వెతకాలి.

ఇంకో మాట కూడా చెప్పాలి. మన దేశంలో చోడి దిగుబడులను పెద్ద మలుపు తిప్పినది కర్ణాటకలో లక్ష్మణయ్య గారు మన చోడిని ఆఫ్రికా చోడితో సంకరం చేసి రూపొందించిన ఇండాఫ్ రకాలు. ఆ మేలు వచ్చింది రెండు ఖండాల మొక్కల వంశాలు కలవడం వల్ల. మన విజయనగరం స్థానం కూడా చంపావతి, భారతి, శ్రీ చైతన్య, వేగవతి, హిమ అంటూ వరుసగా రకాలు ఇచ్చింది. వీటిలో చంపావతి తక్కువ కాలంలో చేతికొచ్చే రకం. కాబట్టి "తెల్లదా ఎర్రదా" అని కాకుండా "ఏ రకం, ఎన్ని రోజులది, మన నేలకు ఎలా ఉంటుంది" అని పోల్చడం న్యాయం.

ఇక తెగులు. చోడిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది శిలీంధ్రం వల్ల వచ్చే అగ్గి తెగులు. ఆకు మీద వస్తే కొంత కోలుకుంటుంది. వెన్ను మెడ దగ్గర వస్తే పైకి పోషకాలు అందక గింజ తాలుపోతుంది. ఫినాల్ పదార్థాలు ఎక్కువగా ఉన్న రకాలు ఈ శిలీంధ్రాన్ని మెరుగ్గా తట్టుకుంటాయని పరిశోధనల్లో తేలింది, కాబట్టి ఊళ్లో వాళ్ల మాట పూర్తిగా తీసిపారేయదగ్గది కాదు. అయితే గింజ పొరలో ఉండే ఫినాల్‌లు వేరు, ఆకులోనూ మెడలోనూ తెగులు సోకినప్పుడు తయారయ్యేవి వేరు. గింజ రంగు ఒక్కదాన్ని చూసి పైరు తెగులును తట్టుకుంటుందో లేదో చెప్పలేం. నత్రజని అతిగా వేస్తే ఆకు మెత్తబడి, కణాల్లో కరిగే అమైనో ఆమ్లాలు పెరిగి, శిలీంధ్రానికి విందు అవుతుంది; ఆ ప్రమాదం ఎర్ర రకానికీ అంతే. యూరియా ఒకేసారి గుమ్మరించకుండా విడతలుగా వేయండి, గెత్తం (పశువుల ఎరువు) వేసిన మడిలో మోతాదు తగ్గించండి.

మూడోది కాల్షియం. ఇది అన్నిటికంటే ఆసక్తికరమైనది. మొక్కలో కాల్షియం వేరు నుంచి నీటితో పాటు దారువు (నీటిని మోసే కణజాలం) గుండా పైకి వెళ్తుంది. నీరు ఎక్కువగా ఆవిరయ్యేది ఆకుల నుంచి కాబట్టి కాల్షియం కూడా ఆకుల్లోనే పోగుపడుతుంది. ఒకసారి ఆకులో చేరాక చక్కెరలు ప్రయాణించే పోషక కణజాలం గుండా అది మళ్లీ గింజకు రావడం చాలా కష్టం. అందుకే ధాన్యపు గింజల్లో సాధారణంగా కాల్షియం తక్కువ. పాలిష్ పట్టిన బియ్యంలో 100 గ్రాములకు 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు. చోడిలో మాత్రం జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 364 మిల్లీగ్రాములు ఉంటుంది. ఇంత కాల్షియాన్ని గింజలోకి ఎలా చేర్చుకుంటోందన్నది శాస్త్రవేత్తలు ఇంకా తవ్వుతున్న ప్రశ్న. కణపొరల మీద కాల్షియాన్ని ఇటునుంచి అటు చేరవేసే ప్రోటీన్ల జన్యువులు చోడి గింజలో చురుగ్గా పనిచేస్తున్నట్టు గుర్తించారు.

మీ జిప్సం ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. మన వైపు వేరుశనగకు పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తాం కదా, అది పనిచేయడానికి కారణం వేరుశనగ ఊడలూ కాయలూ నేలలోనే ఉండి, చుట్టూ ఉన్న కాల్షియాన్ని నేరుగా పీల్చుకోవడం. చోడి గింజ గాలిలో ఉంటుంది. మీరు నేలలో వేసిన కాల్షియం ముందు ఆకుకే పోతుంది. నేల బాగా పులిసి ఉంటే సున్నం వల్ల వేర్లు బాగుపడి పైరు పుంజుకోవచ్చు, కానీ గింజలో కాల్షియం పెంచడానికని సున్నానికి డబ్బు పెట్టకండి. ఆ తేడా రకాన్ని బట్టి వస్తుంది. ఒకే చోట పెంచిన వేర్వేరు చోడి వంశాల్లో 100 గ్రాములకు 160 నుంచి 490 మిల్లీగ్రాముల దాకా తేడా కనిపించింది.

వంశధార ఎగువ సమాధానం:

పాతపట్నం వైపు మెట్టలో చోడి పండించే రైతును. పై వివరణ చాలా ఉపయోగపడింది. నేను ఒక్క విషయం గట్టిగా చెప్పదలచుకున్నాను. తెల్ల చోడి విషయంలో భయపడవలసినది వెన్ను పండే సమయంలో పడే వాన. మన జిల్లాల్లో అక్టోబరు ఎలాంటిదో అందరికీ తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. అంత పెద్ద తుపాను రాకపోయినా ముసురు పట్టి వదలని రోజులు ఉంటాయి. పండిన వెన్ను నాలుగు రోజులు తడిసి ఉంటే తెల్ల గింజ మీద బూజు నల్లగా కనబడుతుంది, మిల్లు వాళ్లు వెంటనే ధర తగ్గిస్తారు. ఎర్ర గింజకు కూడా మచ్చ పడుతుంది గానీ తక్కువ పడుతుంది, పడినా అంతగా కనిపించదు.

అందుకని తెల్లది వేసేవారు ఊడ్పు తేదీని లెక్కవేసుకుని, కోత ముసురులో పడకుండా చూసుకోవాలి. మా వైపు కొందరు గుళి పద్ధతిలో దూరం దూరంగా నాటి, లేత పైరు మీద కర్ర లాగి వంచుతున్నారు. దానివల్ల పిలకలు బాగా వస్తాయి. ఈ పద్ధతి తెల్ల చోడికి కూడా సరిపోతుందా, లేదా అన్నది తెలిసినవారు చెప్పాలి.

చంపావతి తీరం సమాధానం:

వంశధార ఎగువ గారు అడిగినది చాలా సరైన ప్రశ్న. లేత పైరును వంచినప్పుడు పిలకలు ఎందుకు వస్తాయంటే, మొక్క కొసలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి పారుతూ మొదట్లో ఉన్న మొగ్గలను అణిచి ఉంచుతుంది. కొసను వంచితే ఆ పట్టు సడలి, వేర్ల నుంచి వచ్చే సైటోకైనిన్‌లనే హార్మోన్ల ప్రభావం పెరిగి, మొగ్గలు పిలకలుగా లేస్తాయి. ఖాళీ ఎక్కువగా ఉంటే వెలుతురు దుబ్బు మొదటిదాకా పడి ఆ పిలకలు బతికి బట్టకడతాయి.

అయితే ఆలస్యంగా వచ్చిన పిలకల వెన్నులు ఆలస్యంగానే పండుతాయి. దుబ్బుకు పిలకలు ఎక్కువైన కొద్దీ మొదటి వెన్ను పండిన రోజుకూ చివరి వెన్ను పండిన రోజుకూ మధ్య ఎడం పెరుగుతుంది. ఎర్ర చోడిలో ఆ ఎడాన్ని భరించవచ్చు. తెల్ల చోడిలో మొదట పండిన గింజ చివరిదాని కోసం చేలో ఎదురుచూస్తూ తడిసిపోతుంది. కాబట్టి తెల్లదాన్ని దూరంగా నాటదలిస్తే పండిన వెన్నులను రెండు విడతలుగా కోసుకునేందుకు కూలీలు దొరుకుతారో లేదో ముందే చూసుకోండి. దొరకని చోట మామూలు దగ్గర ఊడ్పే మేలని నేను అంటాను.

ఆహార రసాయనం (విజయనగరం) సమాధానం:

నేను కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తాను. మీ అత్తగారు అన్న బలం గురించి రాయాలనిపించింది, ఎందుకంటే ఈ విషయంలో రంగు నిజంగానే ఒక తేడా తెస్తుంది, కానీ ఆవిడ అనుకున్న దిశలో కాదు.

ఎర్ర చోడి పొరలో టానిన్‌లు, ఫెరూలిక్ ఆమ్లం, కాటెకిన్ వంటి ఫినాల్ పదార్థాలు ఉంటాయి. తెల్ల గింజలో టానిన్ దాదాపు ఉండదు. టానిన్ అణువు మీద పక్కపక్కనే ఉండే హైడ్రాక్సిల్ సమూహాలు ఇనుము అయాన్‌ను గట్టిగా పట్టుకుంటాయి. ప్రోటీన్‌లతో కూడా జతకడతాయి. గింజలో ఇనుము ఉన్నా, ఆ పట్టులో చిక్కుకున్న భాగం పేగు లోపలికి పోదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1988లో తెల్ల, రంగు చోడి రకాలను ఈ కోణంలోనే పోల్చారు. రంగు గింజల నుంచి టానిన్‌ను తొలగించినప్పుడు శరీరానికి అందగల రూపంలోని ఇనుము పెరిగింది. రక్తహీనత ఉన్న ఆడవారికీ, పాలు మాన్పించే వయసు పిల్లలకూ ఇది చిన్న విషయం కాదు. తెల్ల చోడి అంబలి ఒంటికి పట్టదనే మాట ఇనుము విషయంలో నిలబడదు.

అలాగని ఎర్ర చోడిని తక్కువ చేయడం సరికాదు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో చోడి పొర నుంచి తీసిన ఫినాల్‌లు పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైమ్‌లను అడ్డుకున్నట్టు ప్రయోగశాలలో చూపించారు. పరీక్షనాళికలో జరిగినదంతా కడుపులో అంతే స్థాయిలో జరుగుతుందని చెప్పలేం. అయినా ఇంట్లో మధుమేహం ఉన్న పెద్దవారు ఎర్ర చోడిని కోరుకోవడానికి అర్థం ఉంది.

ఎర్ర చోడిలోని అడ్డంకిని తగ్గించే మార్గం మన వంటింట్లోనే ఉంది. గింజను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి పిండి పట్టిస్తే ఖనిజాలను పట్టి ఉంచే ఫైటేట్ అనే పదార్థాన్ని విడగొట్టే ఎంజైమ్ మేల్కొని ఇనుమును, జింకును విడిపిస్తుంది. టానిన్ కూడా తగ్గుతుంది. పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ అనే ఎంజైమ్ పెరగడం వల్ల ఆ పిండితో కాచిన జావ పలుచగా ఉండి, పసిపిల్లలకు అదే గిన్నెలో ఎక్కువ పిండి పెట్టడానికి వీలవుతుంది. రాత్రంతా పులిసిన అంబలి కూడా కొంత ఇదే పని చేస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది: మొలకెత్తించేటప్పుడు టానిన్ లేని తెల్ల గింజ మీద బూజు త్వరగా పడుతుంది, కాబట్టి నీళ్లు మార్చి కడగడం, పలుచగా పరచడం మానకూడదు.

ఇప్పుడు మీరు మిల్లు ఆయనను తప్పక అడగవలసిన మాట. చోడి నుంచి తెల్లటి పిండి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, ఎర్ర గింజను మరపట్టి పొర మొత్తం జల్లించి తీసేయడం. రెండోది, తెల్ల గింజను పొరతో సహా పిండి చేయడం. గింజలోని కాల్షియంలో పెద్ద భాగం ఆ పొరలోనూ దాని కిందనే ఉండే కణవరుసలోనూ ఉంటుంది. మొదటి దారిలో రంగుతో పాటు కాల్షియం కూడా తవుడులోకి పోతుంది. రెండో దారిలో నిలుస్తుంది. తెల్ల గింజ తెచ్చుకుని దాన్ని కూడా మెత్తదనం కోసం జల్లించేస్తే తెల్ల రకం పండించిన ప్రయోజనం సగం పోయినట్టే. పిల్లల ఆహారం కోసమే కొంటున్నామని చెప్పేవారు పొర తీయకుండా ఆడించాలని నేను గట్టిగా కోరుతాను.

మెట్టసాగు (గజపతినగరం):

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మా అత్తగారికి ఇది చదివి వినిపించాను. ఎర్రది ఇంటికి, తెల్లది అమ్మకానికి అని ఆవిడే ఒక దారి చెప్పారు. ముందు మొత్తం చేను మార్చకుండా కొంత మేర హిమ వేసి, పక్కనే మేము ఎప్పుడూ వేసే ఎర్ర రకం వేసి పోల్చి చూద్దామనుకుంటున్నాను. ఆ పోలిక తప్పుదారి పట్టకుండా ఎలా చేయాలి? రెండూ పక్కపక్కనే ఉంటే పూత సమయంలో కలిసిపోయి తెల్ల విత్తనం పాడవుతుందా?

చంపావతి తీరం సమాధానం:

మంచి నిర్ణయం. చేనును రెండు ముక్కలు చేసి పై మడిలో ఒకటి, పల్లపు మడిలో ఒకటి వేస్తే మీరు పోల్చేది రకాలను కాదు, మడులను. మెట్ట చేలలో ఏటవాలును బట్టి తేమ, మట్టి లోతు మారుతుంటాయి. కాబట్టి చేనును వాలు వెంట పై నుంచి కిందిదాకా సాగే సన్నటి పట్టీలుగా విడదీసి, ఒక్కో రకానికి కనీసం మూడు నాలుగు పట్టీలు వచ్చేలా చేయండి. ఏ పట్టీకి ఏ రకమో చీటీలు వేసి తేల్చండి, మీకు ఇష్టమైనదానికి మంచి నేల తెలియకుండానే ఇచ్చేయకుండా ఉంటుంది. ఆకుమడి రెండింటికీ ఒకే రోజు పోయాలి. ఊడ్చేటప్పుడు నారు వయసు, ఎడం, ఎరువు అన్నీ సమానంగా ఉండాలి.

కోతప్పుడు పట్టీ అంచుల్లో ఉన్న దుబ్బులను లెక్కలోకి తీసుకోకండి. అంచున వెలుతురు, నేల రెండూ ఎక్కువ దొరికి అవి బలంగా ఉంటాయి. మధ్యలో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు కొలిచి ఆ మేర వేరుగా కోసి నూర్చండి. పట్టీ సన్నగా ఉంటే వెడల్పు తగ్గించి, మొత్తం 25 చదరపు మీటర్లే వచ్చేలా పొడవు పెంచండి. ఆ మేరలో ఒక కిలో తేడా వచ్చిందంటే ఎకరాకు సుమారు 162 కిలోల తేడా అన్నమాట. తూకం వేసే ముందు రెండింటి తేమ సమానం కావాలి. 18 శాతం తేమ ఉన్న 100 కిలోల గింజ 12 శాతానికి ఆరితే సుమారు 93 కిలోలే మిగులుతుంది. పచ్చి మీద తూచి గెలిచిన రకం ఆరాక ఓడిపోవచ్చు. ఒకే రకం పట్టీల మధ్య వచ్చే తేడా రెండు రకాల మధ్య తేడా కంటే ఎక్కువగా ఉంటే, ఆ ఏడు ఏదీ తేలలేదనే అనుకోండి. ఒక్క ఏడాది వాన మీద తీర్పు చెప్పకుండా మరో వానాకాలం కూడా చూడటం మంచిది.

కలిసిపోవడం గురించి దిగులు వద్దు. చోడి తన పుప్పొడితోనే తాను ఫలదీకరణం చేసుకునే పంట. పక్క మొక్కతో సంకరం ఒక శాతానికి మించదు. ఎక్కడో ఒక గింజ సంకరమైనా ఈ ఏడు కనబడదు, ఎందుకంటే గింజ మీది రంగు పొర తల్లి మొక్క కణజాలం. దాన్ని వచ్చే ఏడు విత్తితే ఎర్ర రంగు ప్రబల గుణం కాబట్టి తెల్ల చేలో ఎర్ర వెన్నుగా బయటపడుతుంది, కోతకు ముందే ఏరేయవచ్చు. నిజమైన కల్తీ జరిగేది కళ్లంలోనూ గోనెసంచుల్లోనూ. తెల్లదాన్ని ముందుగా, శుభ్రం చేసిన కళ్లంలో టార్పాలిన్ పరిచి నూర్చండి, కొత్త సంచుల్లో నింపి చీటీ కట్టండి, ఆ తరువాతే ఎర్ర చోడిని కళ్లంలోకి దించండి.